ఓటు ఎవరిది, లెక్క ఎవరిది: తొలినాటి అమెరికా రాష్ట్ర శాసనసభల ఎన్నికలు

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన అమెరికా రాజ్యాంగం ఓటు హక్కు ఎవరికి ఉండాలో తేల్చలేదు. ఆ భారాన్ని రాష్ట్రాల మీదే పెట్టింది. ఒక రాష్ట్రంలో శాసనసభ దిగువ సభకు ఎవరెవరు ఓటు వేయగలరో వాళ్లే దేశ ప్రతినిధుల సభకూ ఓటర్లని మాత్రం చెప్పింది. సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. మన రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకునే తీరు లాంటిదే అది, అక్కడ 1913 దాకా నడిచింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లను ఏ పద్ధతిలో నియమించాలో కూడా శాసనసభ ఇష్టమే. 1800 అధ్యక్ష ఎన్నికల్లో 16 రాష్ట్రాలుంటే, ప్రజలు నేరుగా ఎలక్టర్లను ఎన్నుకున్నవి 5 మాత్రమే. మిగిలిన చోట్ల ఆ పని శాసనసభ్యులదే.

అందుకే గణతంత్రం తొలి ముప్ఫై, నలభై ఏళ్ల రాజకీయానికి మూలం రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో ఉంది. రెండు సభలూ ఒక మాట మీదికి రాకపోతే రాష్ట్రం గొంతే మూగబోయేది. న్యూయార్క్‌కు అదే జరిగింది. దిగువ సభ రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన వర్గం చేతిలో, ఎగువ సభ రాజ్యాంగాన్ని సమర్థించిన ఫెడరలిస్టుల చేతిలో ఉండటంతో, ఎలక్టర్లను కలిసి ఎన్నుకోవాలా విడివిడిగానా అన్న పేచీ తెగలేదు. 1789లో జార్జ్ వాషింగ్టన్ మొదటిసారి అధ్యక్షుడైన ఎన్నికలో న్యూయార్క్ ఓటు ఒక్కటీ పడలేదు. ఆ రాష్ట్రం సెనేటర్లు కూడా జులై దాకా ఎన్నిక కాలేదు.

ఈ ఎన్నికలను రాజ్యాంగాల్లోని పెద్ద మాటల నుంచి అర్థం చేసుకోబోతే చాలా విషయాలు జారిపోతాయి. ఓటరు ఎవరి ఎదుట నిలబడి ఓటు వేశాడు, చీటీ ఎవరు రాసిచ్చారు, పెట్టెను ఎవరు మోసుకెళ్లారు, ఎవరు విప్పి లెక్కపెట్టారు అన్నవి చూస్తే ఫలితాలు ఎందుకలా వచ్చాయో తెలుస్తుంది.

దేశమంతటికీ ఒక పోలింగ్ రోజంటూ లేదు. వర్జీనియాలో ఏప్రిల్, న్యూయార్క్‌లో ఏప్రిల్ చివర మూడు రోజులు, మేరీలాండ్‌లో అక్టోబర్ మొదటి సోమవారం, పెన్సిల్వేనియాలో అక్టోబర్ రెండో మంగళవారం. దిగువ సభకు చాలా రాష్ట్రాల్లో ఏటా ఎన్నికలే. సౌత్ కరోలినాలో రెండేళ్లకోసారి. వలస కాలంలో రాజు ఇచ్చిన పాలనా పత్రాలు, అంటే చార్టర్లతోనే పాలన సాగించిన కనెక్టికట్, రోడ్ ఐలండ్‌లలో అయితే దిగువ సభకు ఆరు నెలలకోసారి. ఏటా ఎన్నికలు ఆగిన చోట బానిసత్వం మొదలవుతుందన్న నానుడిని జాన్ ఆడమ్స్ 1776లో ఎత్తిచూపాడు. బ్రిటిష్ గవర్నర్లు తమకు నచ్చినంత కాలం సభలను సాగదీయడం, నచ్చనప్పుడు రద్దు చేయడం చూసినవాళ్లకు అది ఉత్త నినాదం కాదు. పెన్సిల్వేనియా 1776 రాజ్యాంగం ఇంకో అడుగు వేసి, ఏడేళ్లలో నాలుగేళ్లకు మించి ఎవరూ సభలో కూర్చోకూడదని కట్టడి పెట్టింది.

తేదీలు ఇలా చెల్లాచెదురుగా ఉండటం వల్ల అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో పోరు వసంతకాలంలో మొదలై డిసెంబర్ దాకా సాగేది. ఏప్రిల్‌లో న్యూయార్క్ ఏమందో తెలుసుకున్నాకే అక్టోబర్‌లో పెన్సిల్వేనియా ఓటు వేసేది.

ఓటు అర్హతకు కొలబద్ద చాలా చోట్ల ఆస్తి. వర్జీనియా 1785 చట్టంలో లెక్క ఇది: సాగులోకి రాని భూమి అయితే 50 ఎకరాలు, లేదా 25 ఎకరాలతో పాటు పునాది 12 అడుగుల చదరానికి తగ్గని ఇల్లు, పట్టణంలో అయితే అంతే కొలత గల ఇంటితో ఒక స్థలం. కౌలుకు చేసేవాడు, తండ్రి పొలంలో పనిచేసే పెళ్లయిన కొడుకు, చేతిపనివాడు ఈ లెక్కలోకి వచ్చేవారు కాదు. మసాచుసెట్స్ 1780లో ఏడాదికి 3 పౌండ్ల రాబడి ఇచ్చే భూమి గానీ 60 పౌండ్ల విలువైన ఏ ఆస్తి గానీ ఉండాలంది. పెన్సిల్వేనియా పన్ను కడితే చాలంది. జార్జియా 1777 రాజ్యాంగం 10 పౌండ్ల ఆస్తి లేకపోయినా చేతివృత్తి ఉంటే చాలని ఒప్పుకుంది, పైగా సరైన కారణం లేకుండా ఓటు వేయనివాడికి 5 పౌండ్ల దాకా జరిమానా రాసుకుంది.

న్యూయార్క్, నార్త్ కరోలినాలు ఒకే రాష్ట్రంలో రెండు రకాల ఓటర్లను తయారుచేశాయి. న్యూయార్క్‌లో దిగువ సభ అయిన అసెంబ్లీకి 20 పౌండ్ల సొంత భూమి ఉన్నవాడు గానీ, ఏడాదికి 40 షిల్లింగుల అద్దె కట్టేవాడు గానీ ఓటు వేయవచ్చు. సెనేట్‌కూ గవర్నర్‌కూ మాత్రం 100 పౌండ్ల భూమి ఉండాలి. నార్త్ కరోలినాలో పన్ను కట్టే స్వేచ్ఛాపౌరుడికి దిగువ సభ ఓటు ఉంది, సెనేట్ ఓటు కావాలంటే 50 ఎకరాలు కావాలి. దీని పర్యవసానం చిన్నది కాదు. ఎగువ సభ ఆస్తిపరుల కోటగా, దిగువ సభ అద్దె ఇళ్లలోని చేతివృత్తుల వాళ్లకు అందుబాటులో ఉన్న తలుపుగా మిగిలింది. 1800లో ఆ తలుపే దేశ అధ్యక్షుణ్ణి మార్చింది. దాని సంగతి కింద వస్తుంది.

మేరీలాండ్ సెనేట్‌ది మరో దారి. ఐదేళ్లకోసారి ప్రతి కౌంటీ (రాష్ట్రంలోని పాలనా విభాగం) నుంచి ఇద్దరు, అనాపొలిస్, బాల్టిమోర్ పట్టణాల నుంచి ఒక్కొక్కరు ఎలక్టర్లు ఎన్నికై, వాళ్లు కూర్చుని 15 మంది సెనేటర్లను ఎంచుకునేవారు. జనం ఆగ్రహం సెనేట్‌ను తాకాలంటే ఐదేళ్లు ఆగాల్సిందే.

వర్జీనియా పోలింగ్‌ను కొంచెం దగ్గరగా చూడాలి. కౌంటీ కోర్టు జరిగే రోజే ఎన్నిక. కోర్టు ముందు గానీ లోపల గానీ ఒక బల్ల. దాని వెనుక షెరీఫ్ అనే కౌంటీ అధికారి, గుమాస్తాలు, పక్కనే అభ్యర్థులు. ఓటరు వచ్చి నిలబడగానే ఎవరికి వేస్తావని షెరీఫ్ అందరూ వినేలా అడుగుతాడు. ఓటరు గట్టిగా పేరు చెబుతాడు. ప్రతి కౌంటీకి ఇద్దరు సభ్యులు కాబట్టి రెండు పేర్లు చెప్పవచ్చు. గుమాస్తా ఆ అభ్యర్థి పేరు కింద ఓటరు పేరు రాసుకుంటాడు. ఓటు అందుకున్న అభ్యర్థి లేచి కృతజ్ఞతలు చెప్పడం ఆనవాయితీ. ఇంకెవరైనా ఉన్నారా అని కోర్టు గుమ్మం దగ్గర కేక వేయించి, ఎవరూ రాకపోతే పోలింగ్ ముగించేవారు.

ఇందులో రహస్యం ఏమీ లేదు. అప్పు ఇచ్చినవాడు, కౌలుకు భూమి ఇచ్చినవాడు, సంఘంలో పెద్దమనిషి ఎదురుగా కూర్చుని వింటూ ఉంటారు. ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో గంట గంటకూ తెలిసిపోతుంది. వెనకబడిన వర్గం మనుషులను పంపి ఇంకా రాని ఓటర్లను ఊళ్ల నుంచి తోలుకొచ్చేది. ఒక కౌంటీలో కోర్టు జరిగే రోజు మరో కౌంటీలో జరగదు కాబట్టి, రెండు మూడు చోట్ల భూమి ఉన్నవాడు ప్రతి చోటా వెళ్లి ఓటు వేసేవాడు.

ఇక మద్యం. ఓటర్లకు తాగించడాన్ని చట్టం నిషేధించినా, ఎన్నిక రోజు పీపాలు తెరవని అభ్యర్థిని జనం పిసినారి కింద జమకట్టేవారు. 1777లో వర్జీనియా ఆరెంజ్ కౌంటీలో జేమ్స్ మాడిసన్ సూత్రం కోసం ఆ ఖర్చుకు ఒప్పుకోలేదు. చార్లెస్ పోర్టర్ అనే సారాయి అంగడి యజమాని ఆయన్ని ఓడించాడు. పోర్టర్ అక్రమాలు చేశాడని సభకు ఫిర్యాదు వెళ్లింది గానీ రుజువు లేదని కొట్టేశారు. పదేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో దేశ రాజ్యాంగానికి రూపం ఇచ్చినవాళ్లలో ముందు వరుసలో నిలిచిన మనిషి అంతకుముందు సొంత కౌంటీలో ఇలా ఓడిపోయాడు. ఎన్నికల నియమాలు కాగితం మీద ఎలా ఉంటాయో, కోర్టు ఆవరణలో ఎలా నడుస్తాయో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ.

నోటి ఓటుకు బదులు చీటీ వాడిన రాష్ట్రాల్లో పరిస్థితి మెరుగే అయినా, ఇవాళ మనం అనుకునే బ్యాలట్ అది కాదు. ప్రభుత్వం ముద్రించి ఇచ్చే బ్యాలట్ మసాచుసెట్స్ చట్టంలోకి వచ్చింది 1888లో. అంతకు ముందు చీటీ తెచ్చుకోవాల్సింది ఓటరే. పేర్లు తన చేత్తో రాసుకోవచ్చు, లేదా పార్టీ మనిషి ఇచ్చింది వేయవచ్చు. ఎక్కువ మందిని ఒకేసారి ఎన్నుకునే పట్టణాల్లో రాయడమే పెద్ద పని. బోస్టన్‌లో డేవిడ్ హెన్‌షా అనే ఆయన 55 మంది అభ్యర్థుల పేర్లు అచ్చేసిన చీటీ ఇస్తే అధికారులు తీసుకోలేదు. రాజ్యాంగం రాతపూర్వక ఓటు అంది కదా అన్నారు. ఆయన కోర్టుకెక్కి, అచ్చు కూడా రాతేనన్న తీర్పు సంపాదించాడు. ఆ తీర్పుతో అచ్చు చీటీకి చట్టబద్ధత వచ్చింది. చీటీ అచ్చు వేసి పంచే పార్టీ బలపడింది కూడా.

కనెక్టికట్ ఎగువ సభ ఎన్నిక చూస్తే చీటీ ఉన్నా మార్పు ఎంత కష్టమో తెలుస్తుంది. సెప్టెంబర్‌లో రాష్ట్రమంతటా 20 మందిని నామినేట్ చేసేవారు. ఏప్రిల్‌లో ఆ 20 మంది నుంచి 12 మందిని ఎన్నుకోవాలి. పేర్లను చదివే వరుసలో పదవిలో ఉన్నవాళ్లు, అందులోనూ పాతవాళ్లు ముందు. కొత్తవాడికి వేయాలనుకున్న ఓటరు పాతవాళ్ల పేర్లు చదువుతున్నంతసేపూ అందరి ముందూ చీటీ ఇవ్వకుండా ఆగాలి. ఊరి పాస్టర్, న్యాయాధికారి చూస్తుండగా అలా ఆగడానికి ధైర్యం కావాలి. ఫెడరలిస్టులకు ఎదురునిలిచిన జెఫర్సన్ పక్షం, అంటే రిపబ్లికన్లు (ఇవాళ్టి రిపబ్లికన్ పార్టీ కాదు) బలం పుంజుకుంటున్న 1801లో ఫెడరలిస్టు శాసనసభ నామినేషన్ దశలో ఉన్న ఆ కాస్త చాటూ తీసేసింది. చెయ్యి ఎత్తి గానీ నిలబడి గానీ మద్దతు తెలపాలని చట్టం చేసింది. 1818లో కొత్త రాజ్యాంగం వచ్చేదాకా కనెక్టికట్‌లో పాత వర్గం పట్టు సడలలేదంటే ఇలాంటి ఏర్పాట్లు ఒక ముఖ్య కారణం.

ఓటు విలువ అన్ని చోట్లా సమానం కూడా కాదు. వర్జీనియాలో జనాభాతో పని లేకుండా ప్రతి కౌంటీకి ఇద్దరు ప్రతినిధులు. ఆయుధం పట్టగల మగవాళ్లు 100 మందే ఉన్న వార్విక్ కౌంటీకీ, 1,746 మంది ఉన్న లౌడన్ కౌంటీకీ సభలో ఒకే బలమని థామస్ జెఫర్సన్ లెక్కగట్టి చూపించాడు. మసాచుసెట్స్‌లో ప్రాతినిధ్యం పట్టణాలకు: పన్ను లెక్కలోకి వచ్చే 150 మందికి ఒక సభ్యుడు, ఆపైన ప్రతి 225 మందికి ఇంకొకరు. కానీ సభ్యుడి రానూపోనూ ఖర్చు ప్రభుత్వానిది, సభలో కూర్చున్న రోజుల జీతం పట్టణానిది. డబ్బు లేని పల్లె పట్టణాలు ఆ ఖర్చుకు జడిసి అసలు సభ్యుణ్ణే పంపకుండా మిన్నకుండేవి. అలా పంపని పట్టణానికి జరిమానా వేసే అధికారం సభకు ఉంది.

అదే మసాచుసెట్స్‌లో సెనేట్ జిల్లాల (నియోజకవర్గాల) హద్దులతో ఆడిన ఆట పేరు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. 1812 ఫిబ్రవరిలో రిపబ్లికన్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం చేసిన చట్టం, అప్పటిదాకా కౌంటీలను అనుసరించిన జిల్లాలను ముక్కలు చేసింది. ఎసెక్స్ కౌంటీలో ఒక జిల్లా అంచుల వెంబడి వంకర తిరిగి విచిత్రమైన ఆకారంలో వచ్చింది. మార్చిలో బోస్టన్ పత్రిక ఒకటి దానికి రెక్కలు, గోళ్లు గీసి, సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువు పేరును గెర్రీ పేరుతో కలిపి ‘గెర్రీమాండర్’ అంది. ఆ ఏడాది సెనేట్‌కు ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, రిపబ్లికన్లకు 50,164 ఓట్లు పడితే, సీట్లు మాత్రం 11, 29. హద్దులు మార్చని చోట్ల, అంటే గవర్నర్ పదవికీ పట్టణాలవారీ దిగువ సభకూ, అదే ఓటర్లు ఫెడరలిస్టులను గెలిపించారు. గెర్రీ ఓడిపోయాడు. ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం, రెండు రకాల హద్దులు, రెండు రకాల ఫలితాలు: హద్దుల బలాన్ని కొలవడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ ఆ కాలంలో దొరకదు.

లెక్కింపు దగ్గర ఏమవుతుందో న్యూయార్క్ 1792 చూపించింది. అది గవర్నర్ ఎన్నికే గానీ, తీర్పు చెప్పింది శాసనసభ నియమించిన కమిటీ. గవర్నర్, సెనేట్ ఓట్లను ఊళ్లో లెక్కపెట్టేవారు కాదు. ఊరి ఇన్‌స్పెక్టర్లు చీటీలను మూసి కౌంటీ షెరీఫ్‌కు ఇవ్వాలి, షెరీఫ్ ఆ పెట్టెను రాష్ట్ర కార్యదర్శికి చేర్చాలి, రెండు సభల నుంచి ఎంపికైన కమిటీ విప్పి లెక్కపెట్టాలి. మధ్యలో ఏ చెయ్యి మారినా దానికి చట్టబద్ధమైన హోదా ఉండాలి. ఆట్సెగో కౌంటీ పెట్టెను పంపిన షెరీఫ్ పదవీకాలం అప్పటికే ముగిసింది. కొత్తవాడు ఇంకా బాధ్యత తీసుకోలేదు. టయోగా పెట్టెను తెస్తున్న డిప్యూటీ దారిలో జబ్బుపడి తన గుమాస్తా చేతికిచ్చాడు. క్లింటన్ కౌంటీ పెట్టెను తెచ్చినవాడికి డిప్యూటీగా నియామకపత్రం లేదు. కమిటీలో అప్పటి గవర్నర్, మళ్లీ పోటీలో ఉన్న జార్జ్ క్లింటన్ వర్గానిది పైచేయి. మూడు కౌంటీల ఓట్లూ చెల్లవని తేల్చింది. మిగిలిన లెక్కలో క్లింటన్ 108 ఓట్ల తేడాతో ఫెడరలిస్టు అభ్యర్థి జాన్ జేపై గెలిచాడు. ఆట్సెగో ఓట్లు కలిపితే జే గెలిచేవాడని అప్పట్లో అందరూ నమ్మారు, కానీ ఆ చీటీలను విప్పకుండానే తగలబెట్టారు.

ఓటరు తప్పు ఇక్కడ రవ్వంత లేదు. నూట ఎనిమిది ఓట్ల ఎన్నికను తేల్చింది పెట్టె మోసినవాడి హోదా. ఓట్లు పడిన చోటే లెక్కపెట్టి ఫలితం రాసి పంపితే పెట్టె ప్రయాణానికి ఇంత ప్రాముఖ్యం ఉండేది కాదు. అసెంబ్లీ ఓట్లకు ఆ పద్ధతే ఉండటం వల్ల ఆ ఎన్నికల్లో ఇంత రభస కాలేదు.

ఇక 1800 వసంతం. న్యూయార్క్ నగరానికి అసెంబ్లీలో 13 సీట్లు. వార్డులవారీగా కాదు, నగరమంతా కలిపి ఒకే జాబితా. గెలిచిన పక్షానికి 13కు 13 వచ్చేస్తాయి. రాష్ట్రంలోని మిగిలిన కౌంటీల్లో బలాబలాలు దగ్గర దగ్గరగా ఉండటంతో, ఉమ్మడి సమావేశంలో ఎవరిది మెజారిటీయో ఈ 13 తేలుస్తాయి. ఆ మెజారిటీ 12 మంది అధ్యక్ష ఎలక్టర్లను ఎన్నుకుంటుంది. రిపబ్లికన్ నాయకుడు ఏరన్ బర్ ఈ గొలుసును ఒక్కో లంకెగా చదివాడు. ఫెడరలిస్టు నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ జాబితాలో పెద్దగా పేరు లేనివాళ్లు ఉన్నారని తెలిశాక, బర్ తన జాబితాను ప్రకటించాడు: మాజీ గవర్నర్ జార్జ్ క్లింటన్, సరటోగా యుద్ధ విజేత జనరల్ హొరేషియో గేట్స్, మాజీ పోస్ట్‌మాస్టర్ జనరల్ శామ్యూల్ ఆస్‌గుడ్, బ్రాక్‌హోల్స్ట్ లివింగ్‌స్టన్. క్లింటన్, గేట్స్ లాంటివాళ్లకు ఆ వయసులో అసెంబ్లీ సీటు మీద మోజు లేదు, బర్ బతిమాలి ఒప్పించాడు. తను నగరంలో నిలబడకుండా న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న ఆరెంజ్ కౌంటీ నుంచి ఎన్నికయ్యాడు.

ఓటర్ల పేర్లతో జాబితాలు తయారుచేసి, ఎవరు ఎటు మొగ్గుతారు, ఎవరిని ఎలా కదిలించాలి, ఎవరి నుంచి ఎంత విరాళం అడగవచ్చు అన్నవి రాయించాడు. ఏప్రిల్ 29 నుంచి మే 1 దాకా మూడు రోజులు పోలింగ్. చేతివృత్తుల వాళ్లు, అద్దెకుండేవాళ్లు ఎక్కువున్న ఆరు, ఏడు వార్డులు రిపబ్లికన్ల వైపు ఒరిగాయి. దాదాపు 490 ఓట్ల తేడాతో 13 సీట్లూ వచ్చేశాయి. 100 పౌండ్ల భూమి ఉన్నవాళ్లకే అసెంబ్లీ ఓటు కూడా పరిమితమై ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదని చెప్పడానికి సందేహించక్కర్లేదు.

వారం తిరక్కుండా, మే 7న, హామిల్టన్ గవర్నర్ జాన్ జేకు ఉత్తరం రాశాడు. గడువు తీరబోతున్న పాత శాసనసభనే పిలిపించి, ఎలక్టర్లను జిల్లాలవారీగా ప్రజలే ఎన్నుకునేలా చట్టం మార్చమన్నాడు. పార్టీ ప్రయోజనం కోసం ప్రతిపాదించిన ఈ పని తాను చేయదగింది కాదని జే ఆ ఉత్తరం మీదే రాసి పక్కన పెట్టాడు. ఎనిమిదేళ్ల కింద సాంకేతిక కారణాలతో గవర్నర్ పదవి పోగొట్టుకున్నదీ ఈ జేనే. ఆ ఎన్నికలో జెఫర్సన్‌కు 73, అప్పటి అధ్యక్షుడు, ఫెడరలిస్టు జాన్ ఆడమ్స్‌కు 65 ఎలక్టర్ల ఓట్లు వచ్చాయి. న్యూయార్క్ 12 అటు మారితే ఆడమ్స్‌కు 77, జెఫర్సన్‌కు 61.

హక్కు ఎప్పుడూ ముందుకే సాగిందనుకుంటే న్యూజెర్సీ ఆ నమ్మకాన్ని నిలబెట్టదు. 1776 రాజ్యాంగంలో అక్కడ 50 పౌండ్ల ఆస్తి ఉండి కౌంటీలో ఏడాదిగా నివసిస్తున్న నివాసులందరికీ ఓటు ఉంది. పురుషులని గానీ తెల్లవాళ్లని గానీ అందులో లేదు. 1797 చట్టం ఓటరును స్త్రీ, పురుష వాచకాలు రెండింటితోనూ పేర్కొంది. పెళ్లయిన స్త్రీ ఆస్తి భర్తది కాబట్టి, వాస్తవంగా ఓటు వేసింది వితంతువులు, పెళ్లికాని స్త్రీలు. స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు కూడా వేశారు. 1797లో ఎలిజబెత్‌టౌన్ స్త్రీల ఓట్లు ప్రత్యర్థికి పడటంతో జాన్ కాండిక్ట్ ఎగువ సభ సీటు కొద్దిలో చేజారబోయి నిలిచింది. 1807 ఫిబ్రవరిలో న్యూజెర్సీ ఎసెక్స్ కౌంటీ కోర్టు భవనం నెవార్క్‌లోనా, ఎలిజబెత్‌టౌన్ వైపా అన్న పోటీలో ఓటర్ల సంఖ్యను మించి ఓట్లు పడ్డాయి, శాసనసభ ఆ ఫలితాన్ని రద్దు చేసింది. రెండు పక్షాలూ చేసిన మోసానికి నింద పడింది స్త్రీల మీద, నల్లజాతివారి మీద. ఆ ఏడాది నవంబర్‌లో కాండిక్ట్ తెచ్చిన బిల్లు ఓటును స్వేచ్ఛగల తెల్ల పురుష పౌరులకే కుదించింది. అదే చట్టం పన్ను జాబితాలో పేరున్న తెల్ల పురుషుణ్ణి 50 పౌండ్ల ఆస్తిపరుడిగానే లెక్కించమంది. ఒక చేత్తో ఆస్తి నిబంధన సడలింది, ఇంకో చేత్తో తలుపు మూసుకుంది. 1821 న్యూయార్క్ సవరణల్లోనూ ఇదే జరిగింది: తెల్లవాళ్లకు ఆస్తి నిబంధన దాదాపు పోయింది, నల్లజాతి పురుషుడికి మాత్రం 250 డాలర్ల భూమి ఉండాలన్నారు.

ఈ ఎన్నికల అంకెలు చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. ఒకే చోట అనేక సీట్లున్నప్పుడు ప్రతి ఓటరూ అన్ని ఓట్లు వేయగలడు. న్యూయార్క్ నగరంలో 13, వర్జీనియా కౌంటీలో 2. అభ్యర్థుల ఓట్లన్నీ కూడి అదే ఓటర్ల సంఖ్య అనుకుంటే లెక్క పదమూడింతలు పెరుగుతుంది. సీట్ల సంఖ్యతో భాగించినా సరిగ్గా రాదు, ఎందుకంటే కొందరు ఓటర్లు అన్ని పేర్లూ రాసేవారు కాదు. మొత్తం కంటే, ఒక్కో పక్షంలో అత్యధిక ఓట్లు వచ్చినవాడి అంకెను పోల్చడమే నమ్మదగిన పద్ధతి. ఒకే మనిషి పేరు రెండు మూడు స్పెల్లింగులతో విడివిడిగా నమోదైతే ఓడినట్టు కనబడేవాడు నిజానికి గెలిచి ఉండవచ్చు. పార్టీ పేర్లు చీటీల మీద ఉండేవి కావు, ఎవరు ఏ పక్షమో స్థానిక పత్రికల్లోని జాబితాలతో సరిచూసుకోవాలి. 1787 నుంచి 1825 దాకా ఇలా పత్రికల్లో, కౌంటీ దస్త్రాల్లో చెదిరిపోయిన ఫలితాలను పరిశోధకుడు ఫిలిప్ లాంపీ దశాబ్దాల పాటు చేత్తో రాసుకుంటూ పోగుచేశారు. వూస్టర్‌లోని అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ దగ్గర ఉన్న ఆ సేకరణ ఇప్పుడు అందరికీ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. ఫలితాల పట్టికలో అభ్యర్థులే ఉంటారు గనక, ఎవరు ఓటు వేశారో తెలియాలంటే మాత్రం వర్జీనియా పోల్ పుస్తకాలు (గుమాస్తాలు ఓటర్ల పేర్లు రాసుకున్నవి), న్యూజెర్సీ టౌన్‌షిప్‌ల ఓటర్ల జాబితాలు చూడాలి. 1807కు ముందరి న్యూజెర్సీ జాబితాల్లో స్త్రీల పేర్లు వరుసలో అక్కడక్కడా కనిపిస్తాయి.